చెయ్యి కట్టిన జెండా

ఎన్నికల ఆదివారానికి సెనోబియా వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా ఎదురుగా ఉన్న బడిలో ఓటేసి రావాలి. వచ్చి గోరువెచ్చటి ఉప్పునీళ్ళ బేసినులో కాళ్ళు పెట్టుకోవాలి. ఆ తరువాత ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా, సాయంత్రం దాకా నిద్రపోవాలి. అరవై రెండేళ్ళ మనిషి దేశం నుంచి ఇంతకన్నా ఏమీ ఆశించడం లేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమె మోల్యెపంప ఊళ్ళో చిచా కొట్టు నడుపుతోంది. మొక్కజొన్న మొలకెత్తించి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి, రెండు రోజులు పొయ్యి మీద కాచి, బానల్లో పులియబెట్టే ఆ కల్లుకు సెలవులుండవు. తాగేవాళ్ళకు అసలే ఉండవు. కోచబాంబా లోయలో ఏ గుమ్మం మీద కర్రకు తెల్లగుడ్డ ఎగురుతుంటే ఆ ఇంట్లో చిచా తయారుగా ఉన్నట్టు లెక్క. జెండా ఉంటే జనం తలుపు కూడా తట్టరు, నేరుగా పెరట్లోకి వచ్చి బల్ల మీద కూర్చుంటారు.

ఒక్క ఎన్నికలప్పుడే ఎవరూ రారు. శుక్రవారం నుంచి సోమవారం మధ్యాహ్నం పన్నెండు దాకా అమ్మడమూ నేరమే, తాగడమూ నేరమే. ఆదివారం బండ్లు కూడా తిరగకూడదు. దేశం తెలివిగా ఆలోచించాలంటే మూడు రోజులు గొంతు తడపకూడదని ప్రభుత్వం నమ్మకం. గొంతు ఎండబెట్టుకుని జనం ఇన్నేళ్ళుగా ఎన్నుకున్నవాళ్ళని చూశాక కూడా ఆ నమ్మకం ఎలా నిలిచిందో సెనోబియాకు అంతుపట్టదు.

అర్థం కాకపోయినా ఆమెకు చట్టమంటే వణుకు. పూర్వం ఇలాంటి ఆదివారమే వాళ్ళమ్మ జ్వరంతో ఉన్నవాడికి జాలిపడి ఒక్క సొరబుర్రెడు చిచా పోసి పట్టుబడింది. పద్నాలుగు నెలలు కొట్టుకు సీలు పడింది. ఆ కేసు కొట్టు పేరు మీద ఇంకా అలాగే ఉంది. రెండోసారి దొరికితే కొట్టు శాశ్వతంగా మూతే. ఈసారి అంతకన్నా పెద్ద భయం కూడా తోడైంది. వెనక గదిలో రెండు నిండు బానలున్నాయి. సోమవారం మొగుడు తియోఫిలో సంవత్సరీకం. పదకొండు గంటలకు చర్చిలో పూజ, పన్నెండింటికి ఏడాదిగా వేసుకున్న నల్లబట్టలు తీసి రంగు శాలువా కప్పడం, ఆయన పేరున ఊరందరికీ చిచా పోయడం. గంటలతో సహా లెక్కగట్టి పులియబెట్టిన చిచా అది. పోలీసులు చూసి పారబోస్తే మళ్ళీ కాచడానికి వారం పడుతుంది. పోయినవాళ్ళు వారం ఆగరు.

అందుకే శుక్రవారం, గడువుకు మూడు గంటల ముందే, జెండా విప్పి మడతపెట్టి తలుపు వెనక మేకుకు తగిలించింది. ఇదివరకైతే ఆమె జెండా విప్పగానే తియోఫిలో కర్రను కూడా ఊడబీకి మంచం కింద దాచేవాడు. ఈసారి కర్ర గుమ్మం మీదే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు ఆమె ఓటేసి వచ్చింది. రోజూలాగే వాకిలి ఊడ్చింది. దుమ్ము అణగడానికి నీళ్ళు చల్లింది. స్టూలెక్కి జెండా కట్టింది. ఆ మూడో పని చేసింది ఆమె కాదు, ఆమె చెయ్యి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఊడ్చాక చల్లడం, చల్లాక కట్టడం ఆ చేతికి అలవాటు. శనివారం ఆ చేతిని ఆపుకున్న మనిషి మాత్రం ఇవాళ అప్పటికే సగం నిద్రలో ఉంది. లోపలికి వచ్చి, బేసినులో కాళ్ళు పెట్టి, హమ్మయ్య అనుకుని కళ్ళు మూసుకుంది.

అయిదు నిమిషాలైనా గడవకముందే పెరట్లో దగ్గు వినిపించింది.

రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన కసియానో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఓటేసినందుకు ఇచ్చే సర్టిఫికెట్టు, అది లేకపోతే బ్యాంకులో పని కూడా జరగదు, చేతిలో విసనకర్రలా పట్టుకున్నాడు.

"అన్నా, ఇవాళేంటిలా వచ్చావు? ఏం లేదు ఇవాళ. వెళ్ళు."

"లేదు చెల్లెమ్మా. నాకు తెలుసు ఏమీ లేదని." కసియానో గొంతు తగ్గించి కన్ను కొట్టాడు. "నేనేమైనా అడిగానా?"

"అడగకపోతే ఎందుకు కూర్చున్నట్టు?"

"ఊరికే. కాళ్ళు లాగుతున్నాయి."

"నాకూ లాగుతున్నాయి. అందుకే పడుకుంటున్నా. ఇంటికెళ్ళి లాక్కో."

"బాగా చెప్పావు. గట్టిగా అను, గోడవతల వాళ్ళకి కూడా వినబడాలి," అన్నాడు కసియానో మెచ్చుకుంటూ.

ఆమె తిడుతూనే ఉంది, ఆయన ఆనందిస్తూనే ఉన్నాడు. జెండా కట్టి మరీ లేదంటోందంటే దీని తెలివే తెలివి అనుకున్నాడు. అలా అనుకున్నవాడు ఆయన ఒక్కడే కాదు. తొమ్మిదింటికల్లా పెరట్లో పదకొండుమంది చేరారు. ప్రతివాడి చేతిలోనూ ఓటు సర్టిఫికెట్టు ఉంది. బల్లల మీద చావింటికి వచ్చినవాళ్ళలా కూర్చుని, ఆమె వైపు నమ్మకంగా చూస్తున్నారు.

"మీకు దణ్ణం పెడతాను, వెళ్ళండి. ఒక్క చుక్క పొయ్యను. పోస్తే నా కొట్టు పోతుంది," అంది సెనోబియా.

"పోనివ్వం అక్కా," అన్నాడొకడు. "మేమున్నాం కదా."

వాళ్ళుండటమే ఆమెకు అసలు బాధ.

ఇంతలో పక్కింటి గోడ మీద ఫోర్తునాతా తల లేచింది. ఆవిడదీ చిచా కొట్టే. పాతికేళ్ళుగా ఇద్దరికీ మాటలు సాగుతున్నాయి, సఖ్యత మాత్రం లేదు.

"ఏం వదినా! నీకు మాత్రం అనుమతి ఎవరిచ్చారో?"

"దేనికి, నిద్రపోవడానికా?"

"అబ్బబ్బ, ఏమీ ఎరగనట్టు! చట్టం ఎత్తేశారని నాకొక్క ముక్క చెబితే నీ బానలు తరిగిపోతాయా? పైకి పూజలు, లోపల వ్యాపారాలు!"

"ఏం ఎత్తేశారు? ఎవరు ఎత్తేశారు?" అని సెనోబియా అడిగేలోపు తల దిగిపోయింది. అయిదు నిమిషాల్లో ఫోర్తునాతా గుమ్మం మీద జెండా లేచింది. దాన్ని చూసి ఆ పక్కింట్లో లేచింది. చట్టానికి అంత భయపడే సెనోబియానే కట్టిందంటే చట్టం పోయినట్టే కదా అని వీధిలో అందరూ ఒకే తీర్మానానికి వచ్చారు. పదింటికల్లా ఆ వీధిలో ఎనిమిది తెల్ల జెండాలు ఎగురుతున్నాయి.

కష్టం అక్కడితో ఆగలేదు. బండ్లు లేవు కాబట్టి కొండ మీది పల్లెల వాళ్ళు ఓటేయడానికి నడిచి వస్తున్నారు. మలుపు దగ్గర నిలబడి చూస్తే ఊరి వీధి మొత్తం కనబడుతుంది. ఓటింగు జరిగే రోజు ఒక్క జెండా కూడా ఎగరదని వాళ్ళలో పసిపిల్లకు కూడా తెలుసు. ఎనిమిది ఎగురుతున్నాయంటే ఎన్నికలు రద్దయినట్టే లెక్క. ఇదివరకు రెండుసార్లు అలా రద్దయ్యాయి కూడా. రెండు గంటల నడక వృథా అయిందని తిట్టుకుంటూ చాలామంది అక్కడి నుంచే వెనక్కి తిరిగారు. నలుగురు మాత్రం బడికి వెళ్ళి, ఎన్నికలు ఎలాగూ లేవు కాబట్టి బ్యాంకులో చూపించడానికి సర్టిఫికెట్టయినా ఇమ్మని ఎన్నికల అధికారిణితో గొడవకు దిగారు.

అధికారిణి దానిట్సాకు ఇరవై ఆరేళ్ళు. ఇదే మొదటి ఎన్నిక. క్యూ కరిగిపోవడం చూసి ఏడుపొక్కటే తక్కువై సార్జంట్ వయెహోస్ దగ్గరికి పరుగెత్తింది. శుక్రవారం నుంచి ఆ వీధి మీద నిలబడి ఉన్న సార్జంట్ సరిగ్గా అప్పుడే బడి వెనక నీడలో కునుకు తీస్తున్నాడు. లేచి, విజిల్ నోట్లో పెట్టుకుని ఊదుతూ, కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. విజిల్ వినబడగానే ఏడు జెండాలు ఒకేసారి మాయమయ్యాయి. ఉందని కట్టినావిడకే తెలియదు కాబట్టి ఎనిమిదోది అలాగే ఎగురుతోంది.

"సెనోబియమ్మా, నువ్వు కూడానా?" అన్నాడు సార్జంట్ పెరట్లో అడుగుపెడుతూ.

"నేను కూడా ఏంటి బాబూ? ముందు వీళ్ళని వెళ్ళగొట్టు, నీకు పుణ్యముంటుంది."

సార్జంట్ ఆమెను గుమ్మం దాకా తీసుకెళ్ళి పైకి చూపించాడు. సెనోబియా చూసింది. గుడ్డ మూల చిరిగితే తెల్లదారం దొరక్క నీలం దారంతో కుట్టిన కుట్టు ఎండలో స్పష్టంగా కనబడుతోంది. గడప మీదే కూలబడింది.

"నీదేనా?"

"నాదే బాబూ. కానీ నేను కట్టలేదు. నా చెయ్యి కట్టుంటుంది."

సార్జంట్ పుస్తకం తీశాడు. "చెయ్యి," అని రాసుకున్నాడు. "ఇంటిపేరేం రాయమంటావు?"

"నవ్వులాట కాదు బాబూ. పోయిన ఎన్నికల దాకా ఆయన కర్ర తీసి దాచేవాడు. ఈసారి తీసేవాళ్ళు లేకపోయారు. కర్ర కనబడితే చెయ్యి ఊరుకోదు." ఆమె కొట్టు వైపు చెయ్యి చూపించింది. "అమ్మ చేసిన పనికే పద్నాలుగు నెలలు మూశారు. ఇప్పుడు నేను..."

సార్జంట్ రాయడం ఆపాడు. తియోఫిలో పోసిన చిచా ఆయనా చాలాసార్లు తాగాడు. అయినా డ్యూటీ డ్యూటీయే. పెరట్లో కూర్చున్నవాళ్ళ వైపు తిరిగాడు.

"మీరంతా ఎందుకొచ్చారు?"

"పరామర్శకి సార్. సంవత్సరీకం కదా," అన్నాడు కసియానో.

"అది రేపు."

"రేపు రద్దీగా ఉంటుందని."

వెనక గది తలుపు తీశారు. రెండు బానలూ మూతల కింద మెల్లగా బుసబుసమంటున్నాయి. సార్జంట్ జేబులోంచి ఉత్తర్వు తీసి చదివాడు. మత్తుపానీయం పట్టుబడితే సాక్షి ఎదుట పారబోయాలి, కేసు రాయాలి, కొట్టుకు సీలు వేయాలి. సాక్షిగా దానిట్సా నిలబడింది.

"సార్, ఇది మత్తుపానీయమే అని మీరెలా రాస్తారు?" అంది ఆ పిల్ల. రూలు పుస్తకాన్ని అక్షరం పొల్లుపోకుండా బట్టీపట్టి వచ్చింది. "పులవకముందు ఇది తియ్యటి మొక్కజొన్న నీళ్ళే కదా. ధ్రువీకరించాలి."

"ఎలా?"

"తాగి చూడాలి."

"ఎన్నికల రోజు, యూనిఫారంలో, నేను తాగాలా? తాగితే ఎనిమిది గంటలు లోపలెయ్యాలని ఇందులోనే ఉంది. నన్ను నేనే అరెస్టు చేసుకోనా? నువ్వు చూడు."

"నేను అధికారిణిని!"

"దేశం కోసం నేను చూస్తాను," అంటూ కసియానో లేచాడు.

"చూసి మత్తుందంటే నిన్ను లోపలేస్తాను."

కసియానో ఆలోచించాడు. "అయితే ముందు తాగుతాను సార్. ఉందో లేదో తరవాత నిదానంగా నిర్ణయించుకుంటాను."

"రేపు పన్నెండింటికి అదే మత్తెక్కుతుంది," అంది సెనోబియా. "ఇవాళ్టి సంగతి నాకు తెలీదు. నేనూ రుచి చూడలేదు. చూస్తే నేరమని."

సార్జంట్ ఉత్తర్వును తిప్పి తిప్పి చదివాడు. నేరం రుజువు చేయాలంటే నేరం చేయాలి. రాజధానిలో ఎవరో చల్లటి గదిలో కూర్చుని రాసిన కాగితం తన మెడకు ఎందుకు చుట్టుకోవాలో ఆయనకు అర్థం కాలేదు. మూడు రోజులుగా అణచుకున్న నిద్ర, నడుంనొప్పి, బూట్లలో కాలి బొబ్బలు, అన్నీ కలిసి ఒక్కసారి మీద పడ్డాయి. కనబడిన కుర్చీలో కూర్చుండిపోయాడు. ఎదురుగా సెనోబియా ఉప్పునీళ్ళ బేసిను అలాగే ఉంది.

సెనోబియా ఆయన కాళ్ళ వంక చూసింది. మూసేస్తే మూసేస్తాడు, అంతమాత్రాన కాళ్ళనొప్పి కాళ్ళనొప్పి కాకుండా పోతుందా అనిపించింది.

"ముందు ఆ బూట్లు విప్పు బాబూ. కేసు ఎక్కడికీ పోదు."

సార్జంట్ రెండు క్షణాలు చట్టంతో పోరాడి, బూట్లు విప్పాడు. కాళ్ళు నీళ్ళలో పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఆ క్షణాన నిచ్చెన ఎక్కిన ఫోర్తునాతా తల గోడ మీదికి మళ్ళీ లేచింది. తెరిచి ఉన్న తలుపులోంచి ఆయన్ని చూసి, గబగబా దిగింది.

"సార్జంటే లోపల బూట్లిప్పి కూర్చున్నాడర్రోయ్!" అని వీధంతా వినబడేలా అరిచింది. "కళ్ళు కూడా మూసేశాడు!"

"మరి మనల్ని రానిస్తారా?" అన్నారెవరో.

"ఊరికే రానివ్వరు. లోపలున్నోళ్ళందరి చేతిలోనూ ఓటేసిన కాగితం ఉంది. అది చూపించినోళ్ళకే కాబోలు!"

ఆ మాట గాలికన్నా ముందు కొండ మలుపు చేరింది. రద్దయిందని వెనక్కి వెళ్ళినవాళ్ళు వెళ్ళినంత వేగంగానే తిరిగి దిగారు. ఓటేసే ఉద్దేశమే లేనివాళ్ళు, ఓటెయ్యనందుకు జరిమానా కట్టుకుందాంలే అనుకున్నవాళ్ళు, పదేళ్ళుగా గడప దాటని ముసలాళ్ళు బడి వైపు కదిలారు. దానిట్సా వీధిలోకి వెళ్ళి చూసింది. క్యూ బడి గేటు దాటి, చర్చి దాటి, మలుపు తిరిగింది. రొప్పుతూ వెనక్కి పరుగెత్తుకొచ్చింది.

"సార్! ఆ జెండా తియ్యకండి!"

"మరి చట్టమమ్మా?" అన్నాడు సార్జంట్ కళ్ళు తెరవకుండానే.

"నాలుగింటి తరవాత చట్టం సార్. అప్పటిదాకా పోలింగు శాతం."

ఇక ఆ రోజు సెనోబియా నిద్ర గురించి చెప్పుకోకపోవడమే మంచిది. ఓటేసినవాడల్లా కాగితం ఊపుకుంటూ పెరట్లోకి వచ్చాడు. చిచా లేదంటే కదలడు, ఆకలంటాడు. రెండు గంటలు నడిచొచ్చినవాళ్ళను ఉత్త కడుపుతో పంపడానికి ఆమెకు మనసొప్పలేదు. మూడు పెద్ద గిన్నెలు మొక్కజొన్న గింజలు ఉడికించింది. వడ్డించింది, గిన్నెలు తోమింది, మళ్ళీ ఉడికించింది. బేసిను ఖాళీ కాలేదు. అందులో సార్జంట్ కాళ్ళున్నాయి. నాలుగింటికి లెక్క తేలింది. మంచాన పడ్డ ముగ్గురు తప్ప ఊరూ పల్లెలూ అందరూ ఓటేశారు. ఒక్కడూ తాగలేదు. అందరూ తాగుదామనే ఆశతో వేశారు.

అప్పుడు సార్జంట్ బూట్లు తొడుక్కున్నాడు. ఓటుపెట్టెల అంటుకాగితం దానిట్సా దగ్గర తీసుకుని రెండు బానల మూతలకూ సీలు వేశాడు. సోమవారం పన్నెండింటి దాకా విప్పకూడదన్నాడు. పుస్తకంలో "చెయ్యి" అన్న మాట కొట్టేసి, ఉతికిన గుడ్డ ఆరేసుకుంది, నేరమేమీ కనబడలేదు అని రాశాడు. సెనోబియా ఆ పుస్తకం కేసి చూస్తూ ఏడ్చేసింది. సంతోషానికో, అలసటకో ఆమెకే తెలియలేదు.

సోమవారం పూజ అయింది. తోడికోడలు నల్ల శాలువా తీసి ఎర్రది కప్పింది. గంట పన్నెండు కొట్టగానే సీళ్ళు తెగాయి, మూతలు లేచాయి, పెరట్లో బల్లలు తుడిచి బుర్రలు వరసగా పేర్చారు. ఈసారి సెనోబియా తెలిసే స్టూలెక్కి, తెలిసే జెండా కట్టింది. వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది.

ఎవరూ రాలేదు.

ఎదురుగా బడి గోడ మీద ఊరు ఊరంతా కూర్చుని ఉంది. కసియానో కూడా ఉన్నాడు.

"రండయ్యా! పన్నెండు దాటింది! ఆయన పేరున తాగండి!" అని పిలిచింది సెనోబియా.

"వద్దులే చెల్లెమ్మా," అన్నాడు కసియానో జాగ్రత్తగా. "నిన్న ఆ జెండా చూపించే మా అందరి చేతా ఓట్లేయించారు. ఇవాళ అది చూపించి ఇంకేం చేయిస్తారో ఎవడికి తెలుసు?"

"ప్రభుత్వపు జెండా అది!" అంది ఫోర్తునాతా వెనక నుంచి.

రెండు బానల నిండా చిచా, ఖాళీ బల్లలు. తియోఫిలో బతికుంటే విరగబడి నవ్వేవాడు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. ఏడాదిపాటు మోసిన దుఃఖం దించుకునే వేళకు ఒక్క మనిషీ లేడు.

అప్పుడు సార్జంట్ వయెహోస్ వచ్చాడు. మామూలు చొక్కా, కాళ్ళకు చెప్పులు. జేబులోంచి ఓటు సర్టిఫికెట్టు తీసి ఆమెకు చూపించాడు, నిన్న అందరూ చూపించారు కదా అని. సెనోబియా బుర్ర నింపి ఇచ్చింది. ఆయన కొన్ని చుక్కలు నేల తల్లికి ఒంపి, తియోఫిలో పేరు చెప్పి, ఎత్తి తాగాడు. గోడ మీద జనం మెడలు చాచి చూశారు.

"సాక్ష్యం తీసుకుంటున్నాడు," అన్నాడొకడు.

ఆయన రెండోది తాగాడు.

"గట్టి సాక్ష్యమే," అన్నాడు కసియానో గుటక మింగుతూ.

మూడో బుర్రకు గోడ ఖాళీ అయింది. పెరడు నిండిపోయింది. తియోఫిలో ఎలా నవ్వేవాడో, కర్రను మంచం కింద దాచబోయి ఎన్నిసార్లు నెత్తికి తగిలించుకున్నాడో చెప్పుకుంటూ తాగారు. ఎర్ర శాలువాలో సెనోబియా వాళ్ళ మధ్య తిరుగుతూ పోసింది. ఏడాదిలో మొదటిసారి కాళ్ళనొప్పి మరిచిపోయింది.

నాలుగింటికి దానిట్సా కొత్త ఉత్తర్వు పట్టుకొచ్చింది. ఎవరికీ చాలినన్ని ఓట్లు రాలేదు. ఆరు వారాల్లో రెండో విడత ఎన్నిక, మళ్ళీ శుక్రవారం నుంచి సోమవారం దాకా మద్యం బంద్. పెరట్లో అందరూ జెండా వైపు, ఆ తరువాత సెనోబియా చేతుల వైపు చూశారు.

ఆ ఆదివారం వాకిలి ఊడవకూడదని ఆమె అప్పుడే నిర్ణయించుకుంది.